కుక్కకు పతకమా, పరీక్షయా?

కుక్కలను శ్రద్ధతో పెంచి కూనల నమ్మువాడు ప్రదర్శనములలో పోటీ చేసి పతకము తెచ్చుకొననిదే మంచి పెంపకందారు కానేరడా యను ప్రశ్న యొకటి కలదు. పతకము లేకున్నను లోటు లేదనియే నా యభిప్రాయము. అయితే పరీక్ష లేకున్న లోటే. ఈ రెంటి భేదమును ప్రదర్శనములకు పుట్టినిల్లగు ఇంగ్లండు చరిత్రమే తెలుపగలదు.

1859 జూన్ నెలలో న్యూకాసిల్ పట్టణమున 60 వేటకుక్కలతో నొక ప్రదర్శనము జరిగెను. వచ్చినవి పాయింటరు, సెట్టరు అను రెండే జాతులు. బహుమానములు తుపాకులు. పాయింటరులకు తీర్పు చెప్పిన వారిలో నొకని సెట్టరుకును, సెట్టరులకు తీర్పు చెప్పిన వారిలో నొకని పాయింటరుకును గెలుపు లభించెను! దీనిపై నేను వ్యాఖ్య చేయను. 1873లో కెనెల్ క్లబ్బు ఏర్పడి వంశావళులకును పోటీలకును ఒక క్రమము కల్పించెను.

అదే సంవత్సరమున వేల్సులోని బాలా అను నూర గొఱ్ఱెల కాపు కుక్కలకు పనిలో పోటీ పెట్టిరి. ఇట్టి పోటీలలో కాపరి యొకచోట నిలిచి ఈల వేయును. కుక్క దూరముగా చుట్టి వచ్చి, మందను బెదరింపక, కఱవక, తోలుకొని వచ్చి దొడ్డిలో చేర్పవలెను. చెవులు నిలిచినవా, వ్రాలినవా యని యడుగు వారుండరు. 1893లో ఇంగ్లండు ఉత్తరపు సీమయగు నార్తంబర్లండులో ఆడం టెల్ఫర్ అను నాతని యింట హెంప్ అను కుక్క పుట్టెను. అది మొఱుగక, చూపుతోనే మందను కదలించెడిదట. నేటి బార్డర్ కోలీ కుక్కలు దాదాపు అన్నియు దాని సంతతియే. 1906లో అంతర్జాతీయ గొఱ్ఱెలకుక్కల సంఘము ఏర్పడి వీని వంశావళిని వ్రాయసాగెను. వంశము తెలియని కుక్కయైనను పనిలో నెగ్గినచో అందు చోటు సంపాదింపవచ్చును. కెనెల్ క్లబ్బు ఈ జాతిని అంగీకరించినది 1976లో మాత్రమే. అంతవరకు ఆ జాతిని నిలిపినది గొఱ్ఱెల మందయే కాని ప్రదర్శనము కాదు.

ఎద్దును కొనబోవు మన రైతును చూడుడు. సుడులు చూచువారు లేకపోలేదు గాని, కాడి కట్టి రెండు సాళ్లు దున్నింపక ఎవడును పైకము మూట విప్పడు.

రూపమునకే తీర్పు చెప్పిన ఫలమేమి? బుల్‌డాగ్ జాతికి తల పెద్దదిగా, నడుము సన్నముగా నుండవలెనని కోరి కోరి పెంచిరి. 2010లో ప్రచురితమైన బ్రిటను పరిశోధన ప్రకారము వాని ఈతలలో నూటికి ఎనుబదికి పైగా వైద్యుడు కడుపు కోసి కూనలను తీయవలసినవే. 2012లో క్రఫ్ట్స్ అను ప్రఖ్యాత ప్రదర్శనమున 15 జాతుల విజేతలను పశువైద్యులు పరీక్షింపగా 6 జాతులవి తప్పినవి.

ప్రదర్శనము వలన మేలే లేదనను. తన కుక్క తనకెప్పుడును ముద్దే. పరుల కన్ను పడినప్పుడే దాని లోపము బయటపడును. కాని ఆ కన్ను పశువైద్యునిదో, మందకాపరిదో యైనను చాలును.

కావున కూనను కొనువారు గోడమీది పతకములను లెక్కింపక, తల్లిని చూపుమని యడుగుడు. అది ఎట్లు ఈనినదో, ఎన్ని మారులు ఈనినదో, కన్నులను, తుంటి కీళ్లను పరీక్ష చేయించిరో లేదో తెలిసికొనుడు. కూన మీ యింట ఇముడనిచో తిరిగి తీసికొందువా యనియు అడుగుడు. తల్లిని చూపనివాని యొద్ద బేరము వలదు.