రొయ్యలూ, మూత్రపిండాలూ

మూత్రపిండాలు చాలాకాలంగా చెడియున్నవారు రొయ్యలు తినవచ్చునా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అదీ సముద్రపుటొడ్డున, ఇది ఊరకే అడిగే ప్రశ్న కాదు. రొయ్యలలో భాస్వరం ఉన్నది. చెడిన మూత్రపిండాలు దానిని చాలినంతగా విసర్జించలేవు. రక్తంలో అది పెరిగితే ఎముకలు బలహీనపడతాయి. రక్తనాళాలలో సున్నం పేరుకొంటుంది. అయితే మాంసకృత్తులతో కలిసియున్న సహజ భాస్వరంలో పేగులు పీల్చుకొనేది సుమారు 40–60 శాతమే. చలువగదిలో గడ్డకట్టించిన రొయ్యలకు, తూకం తగ్గకుండా నీరు నిలవడానికి, కొందరు ఫాస్ఫేటు లవణాలు పట్టిస్తారు. అందులోని భాస్వరమో, 90 శాతం దాకా రక్తంలో చేరుతుంది! ఎండు రొయ్యల ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి ఏమీ కలపని తాజా రొయ్యలను వండుకొనడమే మేలు. ఎన్ని తినవచ్చునో రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పాలి. డయాలిసిస్‌కు పూర్వం మాంసకృత్తులు మితంగా ఉండాలి, అది మొదలైన పిదప కొంత హెచ్చుగానే కావాలి.