కోలారు సీమలో ఆపన్న వన్యప్రాణులు: సహాయ ధర్మము, దాని హద్దులు

కోలారు జిల్లా మైసూరు పీఠభూమికి తూర్పు అంచున, ఆంధ్ర, తమిళ దేశముల పొలిమేరలయందు నెలకొని యున్నది. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాలలో తెలుగు ఇంటిభాషగా గలవారు పెక్కుమంది. 1880లో జాన్ టేలర్ సంస్థవారు చేపట్టిన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. ఆ గనుల పరిసరములందలి గడ్డిబీళ్ళలో కృష్ణజింకలు సంచరించును. ఆగ్నేయమున కామసముద్రపు అడవులు కుప్పము ప్రాంతపు అడవులను సమీపించి యున్నవి. 1980 దశకములో తమిళ, కన్నడ దేశముల అడవులనుండి ఏనుగులు ఈ దారులనే చిత్తూరు జిల్లాలో ప్రవేశించినవి. వాటి రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఇట్లు మనుష్యుని పొలమును, మృగముల త్రోవయు కలిసిన చోట గాయపడిన ప్రాణి ఊరి వాకిటనే కనబడుట అరుదు కాదు.

అట్టి ప్రాణిని చూచి మనసు కరగుట సహజము. 1976లో జరిగిన 42వ సవరణ ద్వారా జీవుల యెడ దయ చూపుట మన రాజ్యాంగమునందు పౌరుని ప్రాథమిక విధులలో చేరినది. కాని దయ కలిగినంత మాత్రమున మేలు జరుగదు. ఎప్పుడు చేయి చాపవలెను, ఎప్పుడు ముడుచుకొనవలెను అను వివేచన ముందుగా కావలెను. ఆ వివేచన కొన్ని ప్రశ్నలలో ఇమిడి యున్నది.

1. ఆపద నిజమైనదేనా?

కృష్ణజింక ఈనిన పిదప తన పిల్లను గడ్డిలో దాచి దూరముగా మేతకు పోవును. పాలిచ్చుటకు మాత్రము తిరిగి వచ్చును. పిల్ల కదలక మెదలక పడియుండుటయే దానికి రక్ష. పశువులు కాయు బాలుడో, కట్టెలకై వెళ్ళిన స్త్రీయో దానిని చూచి, తల్లి విడిచిన అనాథ యని తలచి ఇంటికి తెచ్చినచో, ఆ క్షణముననే అది నిజముగా అనాథ యగుచున్నది. ఆవుపాలు దానికి సరిపడక విరేచనములు పట్టును. ఒకవేళ బ్రతికినను మనుష్యునికి మచ్చికయై కుక్కలను చూచి బెదరుట మరచును. అట్టి జింక మరల మందలో కలియజాలదు.

ఎగుర నేర్చుకొనుచు నేల వ్రాలిన పక్షిపిల్లల సంగతియు ఇట్టిదే. ఈకలు వచ్చి గంతులిడు పిల్లను దగ్గరి కొమ్మపై నుంచి తొలగిపోవుట చాలును. కావున మొదటి చికిత్స చూపు. దూరముగా నిలిచి, కొన్ని గంటలసేపు తల్లి వచ్చునో రాదో గమనింపవలెను. రక్తము కారుట, కాలు విరిగి వ్రేలాడుట, ఈగలు ముసురుట, కుక్కలు తరుముట వంటి గుర్తులున్నప్పుడే ఆపద నిశ్చయమైనదిగా ఎంచవలెను.

2. ఆపదకు మూలమేది?

చిరుతపులి జింకను పట్టినప్పుడు జింకను విడిపించుట దయ కాదు. అది చిరుతకు ఆకలి. ముసలితనము, కరవు, జాతిలోని పోరాటములు అడవి నడకలో భాగములు. వీటియందు మనుష్యుడు జోక్యము చేసికొనకుండుటయే సామాన్య నియమము. మనుష్యుడే కారణమైన గాయము వేరు. ఉచ్చు, నాటుబాంబు, రహదారి, మెరక వరుస లేని పాడుబావి, కంచెకు దొంగతనముగా తగిలించిన విద్యుత్తు అనునవి ప్రకృతి చేసినవి కావు. వాటికి మనుష్యుడు బాధ్యుడు.

ఇచ్చట చరిత్రయొక్క ఒక వైచిత్ర్యమును గమనింపవచ్చును. 1902లో శివనసముద్రపు జలపాతమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలు లాగి కోలారు గనులకు విద్యుత్తును తెచ్చిరి. ఆ కాలమున అది ప్రపంచమునందే గొప్ప సాహసము. నేడు అదే విద్యుచ్ఛక్తి పంటకంచెలలో ప్రవహించి ఏనుగులకు మృత్యువగుచున్నది. 2023 మే నెలలో పార్వతీపురము మన్యము జిల్లా కాట్రగడ్డలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతముచే చనిపోయినవి. అట్టి చోట ఆపత్సమయమున చేయగల సహాయము స్వల్పము. కంచెను ముందే తొలగించుటయు, వ్రేలాడు తీగెలను ఎత్తి కట్టించుటయు అసలైన వైద్యము.

3. సహాయకునికి శక్తి గలదా?

జింకజాతి ప్రాణులకు పట్టుబడుటయే ఒక వ్యాధి. తరిమినప్పుడు, కట్టినప్పుడు, జనము గుమిగూడి కేకలు వేసినప్పుడు భయముచే వాటి దేహతాపము మితిమీరి, కండరములు చెడి, ఆ విషము మూత్రపిండములను దెబ్బతీయును. గాయము చిన్నదైనను ప్రాణి కొన్ని గంటలకో, కొన్ని దినములకో కూలిపోవును. చూచినవారు గాయమువలన చచ్చినదనుకొందురు. నిజమునకు అది భయమువలన చచ్చినది. కావున కుక్కలను తోలి, జనమును దూరముంచి, నిశ్శబ్దము నెలకొల్పుట మందుకంటె ముఖ్యము. పట్టక తప్పనప్పుడు కన్నులపై మెత్తని గుడ్డ కప్పి నీడకు చేర్చవలెను. నోటిలో నీరు పోయరాదు. అది శ్వాసనాళములో ప్రవేశించి ప్రాణము తీయవచ్చును. పక్షిని గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో చీకటిగా నుంచి, మేత పెట్టక, వైద్యునికి అప్పగింపవలెను.

సహాయకుని క్షేమమును మరువరాదు. గాయపడిన ఎలుగుబంటి, చిరుత, ఏనుగు మిత్రుని గుర్తింపవు. బావిలో పడిన చిరుతకు నులకమంచమునో నిచ్చెననో త్రాళ్ళతో దింపి, అందరును తొలగి, అటవీ సిబ్బంది పర్యవేక్షణలో అది తనంతట తానే ఎక్కిపోవునట్లు చేయు పద్ధతి మన పల్లెలలో ప్రసిద్ధము. వింతగా ప్రవర్తించు నక్కకో, కోతికో రేబిస్ ఉండవచ్చును. కరచినచో సబ్బుతోను, పారు నీటితోను 15 నిమిషములు గాయమును కడిగి వెంటనే టీకా పొందవలెను. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోవుటతో బయటపడిన జ్వరము పిడుదుల మూలమున మనుష్యులకు సోకినది. చచ్చిన కోతిని ముట్టరాదను పాఠము అందుండి నేర్వవలసినది.

ఏనుగు వంటి మృగమునకు మత్తుమందు, పశువైద్యుడు, కుంకీ ఏనుగులు కావలెను. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము ఆంధ్రప్రదేశమునకు నాలుగు కుంకీలను అప్పగించుట సరిహద్దు అడవులకు ఉపకరించు కార్యము.

4. కోలుకొనలేని ప్రాణి విషయము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వన్యమృగమును స్వాధీనపరచుకొన్నవారు 48 గంటలలోగా సమీప పోలీసు ఠాణాకుగాని, అధికారము గల అటవీ ఉద్యోగికిగాని తెలుపవలెను. పెంచుకొనుట నేరము. కోలుకొనరాని వ్యాధియో, వైకల్యమో కలిగిన మృగమునకు అంత్యవిముక్తి నొసగు అధికారము రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వకమైన ఆజ్ఞకు లోబడి యున్నది. ఇది కఠినముగా తోచవచ్చును. కాని అడవికి తిరిగి పోజాలని ప్రాణిని బోనులో బాధతో జీవింపజేయుట ఎవరి తృప్తికో ఆలోచింపవలెను. చికిత్సకు గమ్యము అడవి. బ్రతికించుట ఒక్కటే గమ్యము కాదు.

5. ఒక్క జీవియా, జాతియా?

హనుమనహళ్ళి గుహలోని కోలారు ఆకుముక్కు గబ్బిలము ఈ విచారమునకు పరాకాష్ఠ. 1994లో శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ జాతి నేడు ప్రపంచములో ఆ గుహయందు తప్ప మరెచ్చటను తెలియదు. సంఖ్య రెండు వందలకు మించదు. రాతి తవ్వకములు ఆ గుట్టకు ముప్పు తేగా పిదప వాటిని ఆపి రక్షణ కల్పించిరి. ఇచ్చట ఒక్కొక్క గబ్బిలమును పట్టి మందు వేయుట సహాయము కాదు. గుహలో దీపముతో తిరుగుట, పొగ పెట్టుట, సుత్తి వేయుట మానుటయే సహాయము. ముట్టకుండ కాపాడుట దయలో ఉత్తమ రూపమగు సందర్భమిది.

పై విచారముయొక్క సారమిది: మొదట చూడవలెను, పిమ్మట కారణము తెలిసికొనవలెను, తన శక్తిని కొలుచుకొనవలెను, అధికారులకు త్వరగా తెలుపవలెను, వారు వచ్చు లోపల ప్రాణికి నీడను, నిశ్శబ్దమును చేకూర్చవలెను. బంగారము తరిగినను కోలారు సీమకు ఈ మూగజీవులు మిగిలియున్నవి. వాటిని ఇంటికి తెచ్చుకొనక, వాటి ఇంటనే ఉండనిచ్చుట ఇచ్చటి ప్రజల చేతిలో నున్నది.