మీకు తెలుసా? తుపానులో గాలి కన్నా నీరే ఎక్కువ ప్రమాదం

1977 నవంబరు 19న పెను తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. ఘోరం మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమలో జరిగింది. ఎందుకంటే మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. తూర్పు తీరంలో కేంద్రానికి ఉత్తరాన వీచే గాలి సముద్రాన్ని నేల మీదికి నెట్టుకొస్తుంది. దక్షిణాన వీచేది నీటిని వెనక్కి తోస్తుంది. అలా నెట్టుకొచ్చిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున దివిసీమ ఊళ్ల మీద పడింది. 10 వేల మందికి పైగా చనిపోయారు.

తుపాను పుట్టాలంటే సముద్రం పైపొర సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. నేల మీదికొచ్చాక సముద్రపు తేమ అందక అది నీరసిస్తుంది.

గాలి హఠాత్తుగా ఆగిపోతే తుపాను వెళ్లిపోయిందని బయటికి రావద్దు. అది తుపాను ‘కన్ను’ కావచ్చు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా గాలి మొదలవుతుంది. ఈ మాట ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పాల్సిందే.

ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికల్లో ఆఖరిది 11వ నంబరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

1999లో ఒడిశా సూపర్ సైక్లోన్ సుమారు 10 వేల మందిని బలిగొంది. 2013లో ఫైలిన్ తుపాను అదే రాష్ట్రంలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి లక్షల మందిని ముందే పునరావాస కేంద్రాలకు చేర్చారు. అందుకే మృతులు పదుల సంఖ్యలోనే ఉన్నారు.