పెంచుకున్న కుక్క దూరమైతే...



వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇవ్వమని అడిగినప్పుడు, చదువు గురించో క్రమశిక్షణ గురించో రాస్తానని అందరూ అనుకుని ఉంటారు. నేను కుక్క గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. మనలో చాలామందికి ఇంటి దగ్గర ఒక కుక్క ఉంటుంది. సెలవులకు బస్సు దిగి పోతే అందరికంటే ముందు ఎదురొచ్చేది అదే. అది కూడా ముసలిదవుతుంది. ఒకనాడు పోతుంది. ఆ సమయానికి మనం హాస్టల్లో ఉంటాం.

నేను ఈ హాస్టల్లో ఏడో తరగతి చదివేటప్పుడు మా ఇంట్లో టైగర్ ఉండేది. పేరుకే టైగర్, బక్కచిక్కిన ఊరకుక్క. మా నాయన గొర్రెలు తోలుకుని పోతే వెంట పోయి, పొద్దుగూకినాక మందతోనే తిరిగొచ్చేది. ఆ ఏడు దసరా సెలవులకు పోయినప్పుడు అది లేవలేక, పడుకునే తోక ఆడించింది. సంక్రాంతికి పోతే వాకిట్లో లేదు. "దీపావళి అయినాకే పోయింది నాయనా. చెప్తే నువ్వు చదువు మీద మనసు పెట్టవని చెప్పలేదు" అనింది అమ్మ.

హాస్టల్‌కు తిరిగొచ్చిన రాత్రి దుప్పటి ముసుగులో ఏడుస్తుంటే పక్కనోడు విన్నాడు. "ఏం రా, కుక్కకు కూడా ఏడుస్తారా?" అన్నాడు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఒక ఊరి పశువైద్యశాలలో పని చేస్తున్నాను కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

కుక్కకు ఏడవడం తప్పా?

కాదు. స్వర్గానికి తీసుకుపోయే రథం వచ్చి నిలబడినా, వెంట వచ్చిన కుక్కను వదిలి ఎక్కనన్నాడు ధర్మరాజు. మహాప్రస్థానిక పర్వంలోని ఈ కథను తెలుగు చేసినవాడు తిక్కన.

ఇది కథ అనుకుంటే, మన పక్క రాష్ట్రంలో శాసనమే ఉంది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన ఆ రాయి క్రీ.శ. 949-50 నాటిది. గంగరాజు రెండవ బూతుగుడు తన వీరుడైన మణలేరుణ్ణి మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమంటే, ఆయన 'కాళి' అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చనిపోయాయి. మణలేరుడు కాళి గుర్తుగా గుడి ముందర రాయి నిలిపి, దానికి భూమి కూడా ఇచ్చాడు. కుక్క, పంది తలపడుతున్న బొమ్మ ఆ రాతి మీద ఉంది. ఇప్పుడది బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. యుద్ధాలు చేసినవాడే కుక్క కోసం రాయి నిలిపితే, పన్నెండేళ్ళ పిల్లవాడు ఏడవడంలో సిగ్గేముంది?

ముసలితనం ఎలా తెలుస్తుంది?

బాగా చూసుకుంటే కుక్క సుమారు 10 నుంచి 13 ఏళ్ళు బతుకుతుంది. పెద్ద జాతి కుక్కలు ఇంకా తొందరగా ముసలివవుతాయి. మొదట మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడతాయి. కంటిపాప నీలంగా, మసకగా కనిపిస్తుంది. పిలిస్తే వినపడదు. కీళ్ళు పట్టేసి లేవడానికి ఇబ్బంది పడుతుంది. కొన్ని రాత్రిపూట దారి తప్పినట్టు తిరుగుతాయి. నీళ్ళు మామూలు కంటే ఎక్కువ తాగి, ఎక్కువసార్లు మూత్రం పోస్తుంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో డాక్టరుకు చూపించాలి. "పిలిస్తే రాదు, పొగరెక్కింది" అని రాయి విసిరేముందు, దానికి వినపడుతోందా అని ఒకసారి ఆలోచించండి.

మనం చేయగలిగిన సేవ

దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. సంగటి ముద్దను మజ్జిగలో మెత్తగా కలిపి, కొంచెం కొంచెంగా రెండు మూడుసార్లు పెట్టండి. ఉప్పు, కారం తగ్గించండి. ఉల్లిపాయ వేసిన కూరలు పెట్టకండి. ఉల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది. కింద మెత్తగా ఉండేందుకు గోనెసంచి పరచండి.

మన అనంతపురం ఎండల సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మన మాదిరి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. ముసలి కుక్క నీడ వెతుక్కుని పోలేదు కాబట్టి, నీడను, నీళ్ళను మనమే దాని దగ్గరికి తేవాలి.

మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం దానికి వేయకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క ప్రాణం తీయగలవు.

ఇంకో మాట. వానలు లేక చెనక్కాయ పంట పోయిన ఏడు మనవాళ్ళు బెంగళూరుకు వలస పోతారు. ఇంటికి తాళం పడుతుంది, కుక్క వాకిట్లోనే ఉండిపోతుంది. పోయేముందు పక్కింటి అవ్వకో, పెద్దమ్మకో చెప్పి దానికి రోజూ ఒక ముద్ద, కుండపెంకులో నీళ్ళు పెట్టమని అడగండి.

ముసలితనం వేరు, రేబిస్ వేరు

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ముసలితనం నెలల తరబడి వస్తుంది. రేబిస్ రోజుల్లో ముదురుతుంది. ఉన్నట్టుండి స్వభావం మారడం, చొంగ కారడం, దవడ వేలాడటం, అరుపు మారడం, తూలి నడవడం, కనిపించినదాన్నల్లా కరవడం దాని లక్షణాలు. "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనుకుని నోట్లో చెయ్యి పెట్టేవాళ్ళున్నారు. ఎంత ప్రేమున్నా ఆ పని చేయకండి. దూరంగా ఉండి పశువైద్యశాలకు కబురు చేయండి.

కరిచినా, గీరినా, గాయం మీద చొంగ పడినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోయి టీకా వేయించుకోండి. వార్డెన్ సార్ తిడతారని దాచొద్దు. లక్షణాలు కనిపించిన తర్వాత ఈ జబ్బుకు మందు లేనట్టే. కుక్కపిల్లకు మూడో నెలలో, తర్వాత ఏటేటా టీకా వేయిస్తే ఈ భయం ఉండదు.

చివరి రోజులు

తిండి మానేసి, లేవలేక, నొప్పితో మూలుగుతుంటే డాక్టరును పిలిపించండి. ఇక కోలుకోదని తేలితే, బాధ లేకుండా ఇంజెక్షన్‌తో ప్రాణం పోనిచ్చే పద్ధతి ఉంది. అది పశువైద్యులే చేయాలి. విషం పెట్టడం, కొట్టి చంపడం, ఆకలిదప్పులతో మాడేలా ఊరవతల వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముందు, ఇన్నేళ్ళు మన వాకిలి కాచిన జీవికి చేసే ద్రోహం.

పోయిన తర్వాత బావికి, బోరుకు దూరంగా, మూడు నాలుగు అడుగుల లోతున పూడ్చి, పైన రాళ్ళు పేర్చాలి. లేకుంటే నక్కలు, వేరే కుక్కలు తవ్వుతాయి.

దుఃఖాన్ని దాచుకోకండి

పెద్దవాళ్ళకు ఒక మనవి. హాస్టల్లో ఉన్న పిల్లవాడికి నిజం చెప్పండి. ఎప్పుడు పోయింది, ఎక్కడ పూడ్చారు అన్నది చెప్పండి. చెప్పకపోతే వాడు "నేను అక్కడ ఉంటే బతికేదేమో" అని ఏళ్ళ తరబడి అనుకుంటాడు. నేను అట్లాగే అనుకున్నాను.

తమ్ముళ్ళకు ఒక మనవి. పక్కనోడు ఏడుస్తుంటే నవ్వకండి. "మీ కుక్క పేరేంది రా?" అని అడగండి. వాడే చెప్పుకుంటాడు. సగం బరువు అక్కడే దిగుతుంది. వెంటనే ఇంకో కుక్కపిల్లను తెచ్చి మరిచిపొమ్మనడం కూడా సరికాదు. మనసు కుదుటపడినాక తెచ్చుకోవచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన తర్వాత ఒకసారి మా నాయన తనంతట తానే చెప్పినాడు. టైగర్ పోయిన రోజు తన కంబళిలోనే చుట్టి చేని గట్టు మీద వేపచెట్టు కింద పూడ్చినాడంట. ఆ చలికాలమంతా కంబళి లేకుండానే మంద దగ్గర పడుకున్నాడంట. "నువ్వు ఏడుచ్చావని చెప్పలేదప్పా" అన్నాడు. ఆయన ఏడ్చినాడో లేదో నేను అడగలేదు. కుక్కకు కూడా ఏడుస్తారా అని ఎవరైనా అడిగితే నా జవాబు అదే.

మన హాస్టల్ విద్యార్థులందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఎదురొచ్చిన దాని తల ఒకసారి నిమరండి.