ఆకాశంలో ఇనుప పని

ఇనుప పని అంటే మనకు కమ్మరి కొలిమి గుర్తుకొస్తుంది. కొలిమి నేలమీద ఉంటుంది, కమ్మరి దాని పక్కన కూచుని పని చేస్తాడు. కాని అమెరికా, కెనడా దేశాలలో ఇనుప పనివాడు అంటే అర్థం వేరు. అక్కడ పెద్ద పెద్ద మేడలకు గోడలు పెట్టకముందే ఉక్కుతో అస్థిపంజరం నిలబెడతారు. పైకెక్కి ఆ స్తంభాలనూ, దూలాలనూ ఒకదానికొకటి బిగించేవాడే ఇనుప పనివాడు.

ఈ పని పుస్తకం చదివితే వచ్చేది కాదు. అప్రెంటిస్‌గా చేరి, మూడు నాలుగేళ్ళు పాతవాళ్ళ వెంట తిరిగి నేర్చుకోవాలి. నేర్చుకుంటూండగానే కూలి ఇస్తారు. మొదట తక్కువ, పని వచ్చినకొద్దీ ఎక్కువ. దీనితోపాటు తరగతులు కూడా ఉంటాయి. అక్కడ నక్షాలు చదవటమూ, వెల్డింగు చెయ్యటమూ చెబుతారు.

కొత్త కుర్రాడు ముందు బోల్టులు మోస్తాడు, తాళ్ళు ముడివెయ్యటం నేర్చుకుంటాడు. ఆ తరవాత సైగలు. క్రేను నడిపేవాడికి పై మాట వినబడదు; చేతులతో చేసే సైగలే వాళ్ళ భాష. సైగ తప్పితే టన్నులకొద్దీ బరువుగల దూలం మనిషిమీదికి వస్తుంది!

ఇనుప పనివాడి నడుముకు ఒక చిత్రమైన స్పానరు వేలాడుతూంటుంది. దాని ఒక కొస మామూలు స్పానరే, రెండో కొస మాత్రం మేకులాగా సన్నగా ఉంటుంది. ఎందుకంటారా? క్రేను దూలాన్ని తెచ్చి స్తంభం పక్కన పెట్టినప్పుడు రెండింటి బెజ్జాలూ సరిగ్గా ఎదురుపడవు. ఆ సన్న కొసను రెండు బెజ్జాలలోకీ దూర్చి అదిమితే అవి వరసకు వస్తాయి. వెంటనే పక్క బెజ్జాలలో బోల్టులు వేసి బిగిస్తారు. రెండు బోల్టులైనా పడందే క్రేను తాడు విప్పకూడదని నియమం.

పూర్వం బోల్టులకు బదులు రివెట్లు వాడేవారు. ఆ పనికి నలుగురు ఒక జట్టు. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి, పట్టకారుతో గాలిలోకి విసిరేవాడు. రెండోవాడు దాన్ని రేకు డబ్బాతో పట్టి బెజ్జంలో పెట్టేవాడు. మూడోవాడు దాని తలను ఇనుప కడ్డీతో అదిమి పట్టుకుంటే, నాలుగోవాడు గాలి సుత్తితో రెండో కొసను చితగ్గొట్టి ఇంకో తల చేసేవాడు. వేడి ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది గదా! అలా కుంచించుకుపోతూ రివెట్టు రెండు పలకలనూ గట్టిగా బిగించేది. న్యూయార్కులోని 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ మేడ, 1931లో పూర్తి అయినది, ఇలాంటి జట్లు కట్టినదే.

ఈ పనిలో పేరుపడినవారు మోహాక్ జాతివారు. వీరు అమెరికా ఖండపు ఆదివాసులు. మాంట్రియల్ నగరం దగ్గర కానవాకే అని వీరి ఊరున్నది. 1886లో ఆ ఊరి పక్కన సెయింట్ లారెన్స్ నదిమీద రైలు వంతెన కట్టసాగారు. మోహాకులు మోతకూలీలుగా చేరి, ఊరుకోక వంతెన ఎక్కి తిరిగేవారు. చివరికి కొందరికి రివెట్ల పని నేర్పారు. తరవాత వాళ్ళ జట్లే తమ ఊరి కుర్రాళ్ళను వెంటబెట్టుకుని పని నేర్పాయి. నేర్చినవాళ్ళు మరొక జట్టు కట్టేవారు.

1907లో క్విబెక్ నగరం దగ్గర ఇంకా పెద్ద వంతెన కడుతున్నారు. దాని బరువును సరిగా లెక్క కట్టలేదు. కింది భాగాలు వంగుతున్నాయని కొందరు కనిపెట్టారు కూడా. ఇక బరువు పెట్టవద్దని తంతి బయలుదేరింది గాని, పని ఆగలేదు. ఆగస్టు 29 సాయంత్రం, ఇంకాసేపట్లో పని ముగుస్తుందనగా వంతెన కూలింది. 75 మంది చనిపోయారు. అందులో 33 మంది కానవాకేవాళ్ళు! చిన్న ఊరికి అది ఎంత దెబ్బో ఊహించండి. ఇకమీదట మగవాళ్ళంతా ఒకేచోట పనికి పోరాదని ఆ ఊరి స్త్రీలు పట్టుబట్టారంటారు. జట్లు వేరు వేరు నగరాలకు వెళ్ళాయి. అంతేగాని పని మానలేదు.

మోహాకులకు ఎత్తు అంటే పుట్టుకతోనే భయం లేదని చాలామంది రాశారు. నాకు మాత్రం అది నమ్మబుద్ధి కాదు. తమకూ అందరిలాగే భయం వేస్తుందనీ, దాన్ని అణుచుకోవటం నేర్చుకున్నామనీ వాళ్ళలోనే ఎందరో చెప్పారు. పుట్టుకతోనే వచ్చేదైతే అన్నేళ్ళు నేర్చుకోవటం దేనికి?

ఇప్పుడు పనివాళ్ళు ఒంటికి పట్టీలు బిగించుకుని, వాటి తాడును దూలానికి తగిలించుకుంటారు. రివెట్ల స్థానంలో గట్టి బోల్టులు వచ్చాయి. కాని మారనిది ఒకటున్నది. ఆఖరి దూలాన్ని పైకెత్తేముందు దానిమీద చిన్న పచ్చని చెట్టో, జెండానో కడతారు. పనివాళ్ళు ఆ దూలంమీద తమ పేర్లు రాస్తారు, నిన్న మొన్న చేరిన అప్రెంటిస్‌తో సహా. గోడలూ, కప్పూ పూర్తి అయినాక ఆ పేర్లు చాలావరకు లోపలే ఉండిపోతాయి.