ట్రాక్టరు బ్యాటరీ తరచు దిగిపోవుచున్నదా?

సాయంత్రము చక్కగా నడచిన ట్రాక్టరు తెల్లవారి స్టార్టు కాకున్న, అదనులో దుక్కి ఆగిపోవును. వెంటనే క్రొత్త బ్యాటరీ కొనకుడు. లోపము వేరొకచోట ఉన్నచో క్రొత్తదియు అట్లే దిగిపోవును. ముందుగా ఈ నాలుగు చూడుడు. బ్యాటరీ నుండి వెలువడు వాయువు అంటుకొనును గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు.

1. టెర్మినళ్ళు: తెల్లని లేక పచ్చని పొడి పట్టినచో, మొదట నెగటివు తీగ ఊడదీసి, తినే సోడా కలిపిన వేడి నీటితో తుడిచి, గట్టిగా బిగించి వేజలైను పూయుడు.

2. నీరు: మూతలున్న బ్యాటరీలో పలకలు మునిగియుండవలెను. తగ్గినచో డిస్టిల్డు వాటరే పోయుడు. బావినీరు, ఆసిడు పోయరాదు.

3. ఛార్జింగు: 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను వడిగా నడుచునప్పుడు మీటరుపై సుమారు 14 వోల్టులు చూపవలెను. చూపనిచో ఫ్యాను బెల్టు వదులైనదేమో, ఆల్టర్నేటరు చెడినదేమో పరీక్షింపుడు.

4. కరెంటు కారుట: స్విచ్చులన్నియు ఆపి, ఊడదీసిన నెగటివు తీగకు, టెర్మినలుకు నడుమ 12 వోల్టుల చిన్న బల్బు కలుపుడు. వెలిగినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుడు. ఏది తీయగా బల్బు ఆరునో, లోపము ఆ దారిలోనే యున్నది. మీరు అదనముగా పెట్టించిన దీపములను, పాటల పెట్టెను మొదట అనుమానింపుడు.

ఇవన్నియు సరిగా ఉండి, పూర్తిగా ఛార్జి చేసినను నిలువనప్పుడే బ్యాటరీ మార్చవలెను.