ఊరెళ్లొచ్చాక జ్వరమా? ఏ ఊరో డాక్టరుకు చెప్పండి

దసరా సెలవులయ్యాక బడి తెరిస్తే, హాజరు పిలిచేటప్పుడు రెండు మూడు పేర్ల దగ్గర ‘జ్వరం సార్’ అన్న మాట వినిపిస్తుంది. హోసూరు, చెన్నై వైపు స్థిరపడిన కుటుంబానికి అమ్మమ్మగారి ఊరు ఒడిశాలోని రాయగడో గుణుపురమో కావచ్చు. షోలాపూర్ పిల్లల చుట్టాలు గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉండొచ్చు. కొందరికి పాడేరు మన్యం. ఈ కొండ, అటవీ ప్రాంతాల్లో ఫాల్సిపేరం మలేరియా ఇంకా ఉంది. ప్రాణం మీదికి తెచ్చే రకాల్లో మొదటిది అదే.

‘మేం పుట్టి పెరిగిన ఊరే, మాకేం కాదు’ అని తల్లిదండ్రులు మాతో అంటుంటారు. భయం అక్కడే ఉంది. మలేరియా ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉండేవారికి వచ్చే కొద్దిపాటి నిరోధకశక్తి ఆ ఊరు వదిలాక క్రమంగా తగ్గిపోతుంది. హోసూరులో పుట్టిన పిల్లలకైతే అది అసలు ఉండదు. అక్కడి మేనమామ పిల్లలు రెండు రోజుల్లో కోలుకున్న జ్వరం వీళ్లకు ఫిట్స్ దాకా పోవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ముసలివారు, ఏ కారణం చేతనైనా ప్లీహం తీసేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అన్నింటికంటే పెద్ద ముప్పు ఆలస్యం. ఫాల్సిపేరానికి మందు పడకపోతే 24 గంటల్లోనే పరిస్థితి విషమించవచ్చు. దోమ కుట్టిన వారం తర్వాతే జ్వరం మొదలవుతుంది, ఎక్కువగా రెండు వారాల లోపు. ఒక్కోసారి నెల దాటుతుంది. అప్పటికి ప్రయాణం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. చలి, వణుకు, రోజు మార్చి రోజు జ్వరం అన్న పాఠ్యపుస్తకం లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఫాల్సిపేరం జ్వరం రోజూ ఉండొచ్చు, వాంతులు, విరేచనాలతోనూ మొదలు కావచ్చు. పారాసెటమాల్ వేస్తే వేడి తగ్గుతుంది కానీ క్రిమి చావదు.

బ్రిటన్‌లో ప్రయాణికుల మలేరియా లెక్కలు పరిశీలించినప్పుడు ఒక విషయం తేలింది. ఆ జబ్బును అరుదుగా చూసే ప్రాంతాల్లోనే రోగుల్లో మరణాల శాతం ఎక్కువ. మనకూ ఇది వర్తిస్తుందనే మా అభిప్రాయం. రాయగడలో ఆశా కార్యకర్త జ్వరమనగానే వేలి రక్తం తీసి పరీక్ష చేస్తుంది. హోసూరు డాక్టరుకు ముందు డెంగీ, టైఫాయిడ్ గుర్తొస్తాయి. అది ఆయన తప్పు కాదు, ఊరి పేరు మనం చెప్పాలి.

చెప్పడంలోనూ చిక్కుంది. మన ఇళ్లలో చాలామంది అమ్మలకు తమిళమో మరాఠీయో ధారాళంగా రాదు. ఆస్పత్రిలో మాట అందించేది బడికెళ్లే పిల్లలే. ఆ పిల్లాడే జ్వరంతో పడుకుంటే? అందుకే సెలవుల తర్వాత ప్రతి పిల్లాడి డైరీలో వెళ్లిన ఊరు, జిల్లా, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఆ రాష్ట్ర భాషలో రాసివ్వమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. మూడు నెలల లోపు జ్వరం వస్తే ఆ పేజీ డాక్టరుకు చూపండి, అదే రోజు మలేరియా పరీక్ష అడగండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించాలి. మగత, ఫిట్స్, ఆయాసం, కామెర్లు, నల్లటి మూత్రం కనిపిస్తే పెద్దాస్పత్రికే. అలాంటి స్థితిలో ఆర్టిసునేట్ సూదిమందు నరంలోకి ఇవ్వాల్సి ఉంటుంది, మాత్రలతో సరిపోదు.

వైవాక్స్ రకం అని తేలితే ఇంకో సంగతి. ఆ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దానికిచ్చే ప్రైమాక్విన్ సాధారణంగా 14 రోజులు వాడాలి. చంటిపిల్లలకు, గర్భిణులకు అది ఇవ్వరు కాబట్టి ఒకరి మాత్రలు ఇంకొకరికి వేయకండి. మూడో రోజుకే జ్వరం తగ్గి పిల్లాడు బడికొచ్చేస్తాడు, మిగిలిన మాత్రలు అటకెక్కుతాయి. అలాంటి పిల్లల మధ్యాహ్నపు మాత్ర బడిలోనే, భోజనమయ్యాక, టీచరు ఎదుట వేయించవచ్చు.